మెర్సీ షిప్స్‌లో పరిచర్య ఎవరికి తగినది?

1978లో మొదలైన ఈ క్రైస్తవ సంస్థ ఆసుపత్రి ఓడలను ఆఫ్రికా రేవులలో నిలిపి, పేదలకు ఉచితంగా శస్త్రచికిత్సలు చేయిస్తుంది. ఓడ ఆసుపత్రి అనగానే వైద్యులే గుర్తుకు వస్తారు గాని, వంటవారు, ఎలక్ట్రీషియన్లు, ఉపాధ్యాయులు, ఇంజిన్ గదిలో చెమటోడ్చేవారు లేనిదే అక్కడ ఒక్క ఆపరేషన్ కూడా జరగదు. వాక్యం బోధించే వరం లేదని వెనకాడే విశ్వాసికి సైతం చేతినిండా పని దొరకడం నాకు అన్నిటికన్నా నచ్చింది.

అయితే జీతం ఉండదు సరికదా, తమ ఖర్చులలో కొన్నిటిని సేవకులే భరించుకోవాలి. చాలామంది సంఘస్థుల కానుకలతో నెట్టుకొస్తారు. దీర్ఘకాలం ఉండే కుటుంబాల పిల్లలకు ఓడలోనే బడి ఉంది. ఏకాంతం లేనిదే ప్రార్థన సాగదనుకునేవారు మాత్రం, ఆ ఇరుకు గదులను తలచుకొని, దరఖాస్తుకు ముందే మరొకసారి ఆలోచించుకోవడం మేలు.