నెల్లూరు పెయిన్ క్లినిక్: డాక్టరుకి ఫుల్ మార్కులు, కౌంటరుకి సున్నా

పొగతోటలో ఒక పెయిన్ క్లినిక్‌కి అమ్మని తీసుకెళ్లాం, తిట్టేది కూడా ఉంది కాబట్టి పేరు రాయట్లేదు. అక్కి మాని నెలలైనా పక్కటెముకల మీద మంట పోలేదు, జాకెట్టు గుడ్డ తగిలినా ఓర్చుకోలేకపోతోంది. డాక్టరుగారు "పదికి ఎన్ని మార్కులేస్తావమ్మా నొప్పికి?" అని అడిగి, దూదితో రెండు పక్కలా రాసి తేడా చూశారు. నరాల నొప్పికిచ్చే ప్రీగాబలిన్ మందు తక్కువ డోసులో మొదలుపెట్టి, మత్తుగా ఉంటుంది, రాత్రిళ్లు లేచేటప్పుడు జాగ్రత్త అని ముందే చెప్పారు.

నొప్పి వైద్యం ఎక్కడ నేర్చుకున్నారండీ అని అడిగితే విసుక్కోలేదు, మత్తు డాక్టరుగా చదివి తర్వాత ఫెలోషిప్ చేశారట. అడగాల్సిన ప్రశ్నే అది. బ్రిటన్‌లో 2007లో మత్తు డాక్టర్ల సంస్థ రాయల్ కాలేజ్ ఆఫ్ అనెస్తటిస్ట్స్ కింద నొప్పి వైద్యం కోసం ఫ్యాకల్టీ ఆఫ్ పెయిన్ మెడిసిన్ అనే విభాగం పెట్టారు, అందులో శిక్షణ, పరీక్షల సంగతి ఒక కమిటీ చూస్తే క్లినిక్‌ల ప్రమాణాలు ఇంకో కమిటీ చూస్తుంది, ఫిజియోథెరపిస్టు, సైకాలజిస్టు కూడా టీములో ఉండాలంటారు వాళ్లు. మనకీ 1984 నుంచి ఇండియన్ సొసైటీ ఫర్ స్టడీ ఆఫ్ పెయిన్ ఉంది గానీ, బయట బోర్డు చూసి ఎవరెంత నేర్చుకున్నారో పేషెంటుకి ఏం తెలుస్తుంది?

ఇక్కడ ఫిజియో లేరు. సైకాలజిస్టు అంటే కౌంటర్లో అమ్మాయి "మద్రాసు పోండి సార్" అని నవ్వింది. పొద్దున టోకెన్‌కి మధ్యాహ్నం భోజనాలయ్యాక పిలిచారు, బిల్లులో "ప్రొసీజర్" అని ఒకటే లైను, దేనికెంతో అడిగితే టెన్షన్ పడిపోయారు.

అమ్మకి మంట సగం తగ్గింది. మూడున్నర స్టార్లు.