ఆండ్రాయిడ్ వదిలి ఐఫోన్‌కి వచ్చాను, కాల్ రికార్డింగు దగ్గర ఇరుక్కున్నాను

కెమెరా, ప్రాసెసరు సంగతులు రాయడం లేదు, అవన్నీ కొనకముందే అందరూ చూసేసుకుంటారు. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్ 15కి మారి ఏడాది దాటింది. నా బాధ ప్రధానంగా ఒక్కటే, కాల్ రికార్డింగు.

మాది చిత్తూరు. లారీలకు లోడ్లు కుదర్చడం నా పని. వేసవిలో మామిడి, మిగతా రోజుల్లో బెల్లం, టమోటా. మా దాంట్లో కాగితం అన్నిటికన్నా ఆఖర్న వస్తుంది. బాడుగ ఎంత, లోడు ఎప్పుడెత్తాలి, కాటా ఎక్కడ వేయాలి, అన్నీ ఫోన్లోనే, నోటిమాట మీదే తేలిపోతాయి.

పాత ఫోన్లో ప్రతి కాలూ దానంతటదే రికార్డయ్యేది. పేరూ తేదీతో ఒక ఫోల్డర్లో పడుండేది. అవతలివాళ్లకు చిన్న బీప్ కూడా వినబడేది కాదు. వాటిని రోజూ కూర్చుని వినేవాణ్ణేమీ కాదు. బండి నంబరు గుర్తు లేకపోతేనో, పాకాల దాటినాక తోటకి ఏ పక్క తిరగాలో మర్చిపోతేనో ఒకసారి వింటే సరిపోయేది. మాట తేడా వచ్చినప్పుడు మాత్రం అదే నాకు సాక్షి. "అన్నా, నువ్వన్నది ఇదే కదా" అని వినిపిస్తే గొడవ అక్కడికక్కడే సద్దుమణిగేది.

ఐఫోన్‌లో ఇది ఏళ్ల తరబడి లేనే లేదు. 2024 అక్టోబరులో ఐఓఎస్ 18.1 అనే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో వచ్చింది. ఆ కబురు విన్నాకే నేను మారాను. అయితే ఎట్లా వచ్చిందో చూడండి. కాల్ మాట్లాడుతూ రికార్డింగు బటన్ నొక్కాలి. నొక్కగానే ఈ కాల్ రికార్డవుతుందని ఇద్దరికీ వినబడేలా ఒక గొంతు చెబుతుంది. ఆ గొంతు నొక్కేసే సెట్టింగు లేదు. కాల్స్ అన్నీ వాటంతటవే రికార్డయ్యే ఏర్పాటూ లేదు.

2025 మామిడి సీజను మా వైపు వాళ్లెవరూ మర్చిపోరు. తోతాపురి రకం మామిడి ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలివ్వాలి, పైన 4 రూపాయలు ప్రభుత్వం ఇస్తుంది అని ప్రకటించిన సీజను. టోకెన్ల కోసం ఫ్యాక్టరీ గేట్ల ముందు ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి ఉన్నాయి. బండి గేటు దగ్గర ఆగిపోతే హాల్టింగు, అంటే ఆగిన రోజులకి లారీకిచ్చే డబ్బు, ఎవరివ్వాలన్నదే అప్పుడు పెద్ద బేరం. కాయలు కొని బండ్లకెత్తించే ఒక ర్యాంపు ఆయన ఫోన్ చేసి, ఎన్ని రోజులాగినా హాల్టింగు నేనే ఇచ్చుకుంటా, బండి పంపించు అన్నాడు. ఈ మాట దగ్గర పెట్టుకుందామని బటన్ నొక్కాను. ఆయన స్పీకర్లో పెట్టి మాట్లాడుతున్నాడేమో, ఇంగ్లీషు ప్రకటన ఆ ర్యాంపంతా మోగినట్టుంది.

"ఎవురన్నా మధ్యలో మాట్లాడేది?"

"ఎవురూ లేరన్నా, ఫోనే. మనం మాట్లాడేది రికార్డు చేస్తా వుంది, అంతే."

"నేనేమన్నా కోర్టులో సాక్ష్యం చెప్తా వుండానా? నమ్మకం లేకపోతే బండి పంపొద్దు పో!"

పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. సాయంత్రం తెలిసినవాళ్లతో చెప్పించి బతిమాలుకుంటే లోడైతే ఎత్తించాడు గానీ, హాల్టింగు ఊసు ఎత్తనివ్వలేదు. అనుకున్నట్టే బండి గేటు ముందు నిలబడిపోయింది. అడుగు వరస కాయలు మెత్తబడి, లారీ వెనక తలుపు (డాలా) సందుల్లోంచి రసం కారుతుంటే డ్రైవరు ఫోటోలు తీసి పంపాడు. చివర్లో లెక్కల దగ్గర హాల్టింగు అడిగితే, "నేనెప్పుడన్నా ఆ మాట?" అన్నాడు. నా దగ్గర రికార్డింగు ఉంది. నోట్స్ యాప్‌లో భద్రంగా ఉంది. అందులో ఉన్నదల్లా ఆ ఇంగ్లీషు ముక్క, దాని వెనక ఆయన కోపం. హాల్టింగు నేనిస్తానన్నది బటన్ నొక్కకముందు మాట కదా! డ్రైవరు బత్తాతో సహా అంతా నా జేబులోంచే పోయింది.

చెప్పి రికార్డు చేయడమే మర్యాద అని మా అమ్మాయి వాదిస్తుంది. తిరుపతిలో ఇంజినీరింగు చదువుతోంది. న్యాయంగా చూస్తే దాని మాటే కరెక్టు. కాకపోతే ర్యాంపు మీద బేరం అట్లా జరగదు. ఇంకో సంగతి, ఆండ్రాయిడ్ అయితే చాలులే అనుకోవద్దు. గూగుల్ సొంత డయలర్ (కాల్ చేసే యాప్) ఉన్న ఫోన్లు కూడా రికార్డింగు సంగతి చాటింపు వేస్తాయి. బయటి రికార్డింగు యాప్‌లకు 2022 మేలోనే ప్లే స్టోర్ నియమాలతో అడ్డుకట్ట పడింది. సొంత డయలర్ ఇచ్చే కొన్ని కంపెనీల ఫోన్లలోనే చప్పుడు లేకుండా రికార్డయ్యేది.

మిగతావి అంత బాధపెట్టలేదు. వాట్సాప్ పాత చాట్లు ఐఫోన్ మొదటిసారి ఆన్ చేసేటప్పుడే 'మూవ్ టు ఐఓఎస్' యాప్‌తో తెచ్చుకోవాలి. కొన్న షాపులో కుర్రాడు తొందరలో ఆ మెట్టు దాటేశాడు. కాటా చీటీల ఫోటోలన్నీ ఆ చాట్లలోనే ఉన్నాయి. ఫోన్ మొత్తం చెరిపేసి మొదటినుంచీ మొదలుపెడితే గానీ రాలేదు. గూగుల్ డ్రైవ్‌లోని బ్యాకప్ ఇక్కడ పనికిరాదు, తెలుసుకుని దిగండి.

తెలుగు టైపింగుకి మాత్రం భయపడ్డాను. 2018లో 'జ్ఞా' అన్న అక్షరం మెసేజిలో వస్తే చాలు ఐఫోన్ యాప్‌లు కుప్పకూలిన సంగతి గుర్తుంది కదా. దాన్ని ఐఓఎస్ 11.2.6తోనే సరిచేశారు. ఇప్పుడు అ, ఆ, ఇ, ఈ వరసలో కీబోర్డు కూడా ఉంది. రైతులకు తెలుగులోనే మెసేజిలు పెడుతున్నాను, ఏ ఇబ్బందీ లేదు.

బ్యాటరీ రాత్రిదాకా వస్తుందని కొత్తలో అందరికీ చెప్పాను. అది చలికాలంలో చెప్పిన మాట. 35 డిగ్రీల లోపు వాడమని తయారుచేసినవాళ్లే రాశారు. మే నెలలో మాకు 35 అంటే చల్లబడినట్టు. బంగారుపాళెం మార్కెట్ యార్డులో మధ్యాహ్నం స్క్రీను మసకబారిపోతుంది, ఛార్జింగు ఎక్కడం ఆపేస్తుంది. అదీగాక వ్యాపారానికి వాడే రెండో నంబరు ఈ-సిమ్‌లో, అంటే ఫోన్లోపలే ఉండే సిమ్‌లో, వేయించాను. ఫోన్ చచ్చినప్పుడు సిమ్ పీకి డ్రైవరు ఫోన్లో వేసుకునే వీలు పోయింది.

అప్‌డేట్ల విషయంలో ఐఫోన్‌దే పైచేయి అనేవాణ్ణి. 2018 నాటి ఐఫోన్ ఎక్స్ఎస్‌కి కూడా ఐఓఎస్ 18 వచ్చింది మరి. ఇప్పుడు పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 నుంచి గూగుల్, శాంసంగ్ వాళ్లూ ఏడేళ్లు ఇస్తామంటున్నారు కాబట్టి ఆ మాట కొంచెం తగ్గించుకున్నాను.

ఆఫీసులో కూర్చునే ఉద్యోగమైతే హాయిగా మారొచ్చు. నోటిమాట మీద డబ్బులు తిరిగే పని అయితే ముందు స్నేహితుడి ఐఫోన్ తీసుకుని, మీతో బేరమాడే పార్టీకి కాల్ చేసి, ఆ బటన్ ఒకసారి నొక్కి చూడండి. నేనైతే వ్యాపారం నంబరుని మళ్లీ మామూలు సిమ్ చేయించి పాత ఆండ్రాయిడ్‌లో వేసేశాను. ఐఫోన్ ఇంటికీ, బ్యాంకు పనులకీ. రెండు ఫోన్లు మోయడం చిరాకే, అయినా అమ్మే ఆలోచన ప్రస్తుతానికి లేదు. పాత ఫోన్ బ్యాటరీ సాయంత్రానికే దిగిపోతోంది, మామిడి మొదలయ్యేలోపు మార్పించాలి.