భరణం ఒకేసారి తీసుకోవాలా, నెలనెలానా? ఏది మేలు?

విడాకుల మాట రాగానే మన శ్రీకాకుళం పల్లెల్లో పెద్దమనుషులు ముందు తేల్చేది "ఎంతకి తెంపుదాం" అన్నదే. ఆ అంకె కన్నా ముందు చూడాల్సింది ఒకటుంది. భర్త సంపాదన కళ్లకు కనపడేదా, కాదా?

భర్త బడిపంతులో, రైల్వే ఉద్యోగో అయితే నెలనెలా భరణమే మేలని నా గట్టి అభిప్రాయం. జీతం కాగితం మీద ఉంటుంది, దాచలేడు. భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, ఆదాయం అఫిడవిట్‌లో రాసివ్వాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. పరిస్థితులు మారితే భరణం పెంచమని హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద మళ్లీ అడగొచ్చు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే మాత్రం దాన్ని రద్దు చేయమని అతను కోర్టుకెళ్లొచ్చు.

ఇక ఇచ్ఛాపురం, కవిటి, పలాస వైపు సంగతి వేరు. మగవాళ్లు గల్ఫ్‌కో, చెన్నైలో బిల్డింగ్ పనికో, గుజరాత్‌లో చేపల వేటకో పోతారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ (పాత కోడ్‌లో 125) కింద ఆమె ఉన్న చోటే కేసు వేయొచ్చు. బాకీ పడితే ఏడాదిలోగా వసూలుకు పిటిషన్ పెట్టాలి. కట్టని ఒక్కో నెలకు అతనికి నెల వరకు జైలు పడొచ్చు, జైలుకెళ్లినా బాకీ తీరినట్టు కాదు. చట్టం గట్టిదే. కానీ ఆ వారంటు పట్టుకుని గుజరాత్‌లోని వేరావల్ రేవు దాకా ఎవరు తిరుగుతారు? ఇలాంటి చోట చేతికొచ్చే ఏకమొత్తమే నయం.

అయితే లెక్క చూసుకుని ఒప్పుకోండి. ఐదు లక్షలంటే పెద్ద మొత్తంలా వినిపిస్తుంది. ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో వేసి నెలకు ఆరు వేలు తీసుకుంటే తొమ్మిదిన్నరేళ్లకు ఖాళీ. ముప్పై ఏళ్ల ఆడపిల్లకు నలభై రాకముందే చేతిలో ఏమీ ఉండదు. పైగా ఏకమొత్తం పుచ్చుకున్నాక, ధరలు పెరిగాయని మళ్లీ అడగడం చాలా కష్టం.

పరస్పర అంగీకార విడాకులైతే మొదటి పిటిషన్ నాడు కొంత, రెండోసారి కోర్టుకెళ్లిన నాడు మిగతాది డీడీగా తీసుకోండి. డిక్రీలో, అంటే కోర్టు ఇచ్చే విడాకుల ఉత్తర్వులో, ఆ మాట రాయించుకోండి. పెద్దమనుషుల కాగితం మీద మొత్తం వదిలేయకండి. డబ్బు అన్న ఖాతాలో కాదు, ఆమె ఖాతాలోనే పడాలి. ఇది చెబితే కొందరు అన్నలకు కోపం వస్తుంది, రానివ్వండి.

లాయరు ఫీజుకు భయపడక్కర్లేదు. శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తుంది.

పిల్లల పోషణ వేరే హక్కు. తల్లి ఏకమొత్తం తీసుకున్నంత మాత్రాన అది పోదు. "ఇకపై పిల్లలకూ ఏమీ అడగను" అన్న వాక్యం రాజీ కాగితంలో కనపడితే, సంతకానికి ముందే కొట్టేయించండి.