వడగళ్ల ఊళ్లో క్లాస్ 4 షింగిల్స్: వేయించి ఇన్నేళ్లయ్యాక

ముందే చెప్పేస్తాను. టెక్సాస్‌లోని ప్లేనోలో మా ఇంటికి 2018లో వేయించిన క్లాస్ 4 షింగిల్స్‌తో, అంటే వడగళ్ల దెబ్బకు గట్టిగా నిలిచేలా చేసిన తారు కప్పు పలకలతో, నాకు పేచీ ఏమీ లేదు. మళ్లీ రూఫ్ మార్చాల్సి వస్తే మళ్లీ అవే వేయిస్తాను. అయితే రూఫ్ అనగానే మనవాళ్లు తర్జనభర్జన పడేదంతా ఏ కంపెనీ, ఏ రంగు, ఎన్నేళ్ల వారంటీ అన్న దగ్గరే. ఇన్నేళ్లలో మా రూఫ్ పెట్టిన ఇబ్బందుల్లో షింగిల్ వల్ల వచ్చింది ఒక్కటీ లేదు. అన్నీ దాని కింద ఉన్నవాటి వల్ల, లేదా అది గోడను కలిసే చోట వచ్చినవే.

ఉత్తర టెక్సాస్ సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఇక్కడ వసంతకాలం అంటే వడగళ్ల కాలం. 2016 ఏప్రిల్‌లో మాకు దగ్గర్లోని వైలీలో సాఫ్ట్‌బాల్ సైజు గడ్డలు పడి కప్పులు చిల్లులు పడ్డాయి. అంతటివి అరుదు గానీ, గోళీకాయంతవి, నిమ్మకాయంతవి చూడని ఇల్లు ఉండదు. అందుకే ప్యాకెట్ మీద ఎన్నేళ్లని రాసి ఉన్నా, ఇక్కడ రూఫ్ ఆయుష్షు తేల్చేది వడగళ్లే. మా పాత రూఫ్ బిల్డర్ వేసిన త్రీ-ట్యాబ్. పలచగా, ఒకే పొరగా, ఇటుకలు పేర్చినట్టు కనిపించే రకం. ఇన్సూరెన్స్ తరఫున నష్టం లెక్కగట్టే అడ్జస్టర్ నిచ్చెనెక్కి దెబ్బ తగిలిన ప్రతిచోటా సుద్దతో సున్నాలు చుట్టుకుంటూ పోయాడు. కిందికి దిగేసరికి మాకూ అర్థమైపోయింది, ఇక మార్చాల్సిందేనని.

అప్పుడు మా ముందు ఉన్న దారులు: మామూలు ఆర్కిటెక్చరల్ షింగిల్ (త్రీ-ట్యాబ్ కంటే మందంగా, పొరలుగా ఉండేది), దానిలోనే క్లాస్ 4, స్టాండింగ్ సీమ్ మెటల్ (మేకులు పైకి కనిపించకుండా అంచులు మడిచి కలిపే రేకు), కాంక్రీట్ టైల్. టైల్ వెంటనే పక్కకు పోయింది. మామూలు షింగిల్ చదరపు అడుగుకు రెండున్నర, మూడు పౌండ్లు ఉంటే కాంక్రీట్ టైల్ తొమ్మిది, పది పౌండ్లు ఉంటుంది. షింగిల్ బరువుకు కట్టిన చెక్క ఫ్రేమ్ మీద దాన్ని ఎత్తాలంటే ఇంజనీరును పిలవాలి. అంత అవసరం మాకు కనిపించలేదు.

మెటల్ గురించి మాత్రం మావారు చాలా ఆశపడ్డారు. నలభై, యాభై ఏళ్లు ఉంటుంది, నిప్పు అంటుకోదు, గాలికి లేవదు. మెటల్ అనగానే మనవాళ్లకు రేకుల షెడ్డు గుర్తొచ్చి, వాన పడితే మాట వినపడదేమో అంటారు. అది నిజం కాదు. ఇక్కడ రేకు కింద డెకింగ్ అనే చెక్క షీట్ల పరుపు, దాని కింద అటిక్ (కప్పుకూ సీలింగ్‌కూ మధ్య ఖాళీ), అందులో ఇన్సులేషన్ ఉంటాయి కాబట్టి కింద గదుల్లోకి చప్పుడు పెద్దగా రాదు. మేం వెనక్కి తగ్గింది రెండు కారణాలకు. ఒకటి ధర. మాకొచ్చిన కొటేషన్లలో అది క్లాస్ 4 షింగిల్‌కి రెట్టింపు దాటింది. రెండోది ఇన్సూరెన్స్ కాగితాల్లో ఓ మూల ఉండే మాట. మెటల్ రూఫ్‌కి డిస్కౌంట్ ఇచ్చే కంపెనీలు చాలావరకు 'కాస్మెటిక్ డ్యామేజ్' కింద పరిహారం ఇవ్వబోమని సంతకం పెట్టించుకుంటాయి. అంటే వడగళ్లకు రేకంతా సొట్టలు పడినా, నీళ్లు కారనంతవరకు అది మీ ఖర్చే. అంత డబ్బు పోసి సొట్టల రూఫ్ కింద ఉండటం నాకు నచ్చలేదు. మీ ఊళ్లో వడగళ్లు తక్కువైతే లెక్క వేరు. అక్కడ మెటల్‌నే నేనూ ముందు చూసేదాన్ని. కాకపోతే మేకులు పైకి కనిపించే చవక రకం జోలికి మాత్రం పోవద్దు. ఆ స్క్రూల కింది రబ్బరు వాషర్లు ఎండకు ఎండిపోయి, రేకు కంటే చాలా ముందే లీకులు మొదలుపెడతాయి.

క్లాస్ 4 అంటే ఏమిటో తెలుసుకోకుండా చాలామంది కొనేస్తున్నారు. యూఎల్ 2218 అనే పరీక్షలో రెండు అంగుళాల ఉక్కు గుండును 20 అడుగుల ఎత్తు నుంచి ఒకే చోట రెండుసార్లు వదులుతారు. షింగిల్ వెనకవైపు పగుళ్లు రాకపోతే అది క్లాస్ 4. గమనించండి, షింగిల్ పైన అద్దిన ఇసుక రాలిపోవడాన్ని ఈ పరీక్ష పట్టించుకోదు. పైగా ఆకాశం నుంచి పడేది ఉక్కు కాదు, మంచు. అందుకే సౌత్ కరోలినాలో ఇన్సూరెన్స్ కంపెనీల డబ్బుతో నడిచే ఐబీహెచ్‌ఎస్ పరిశోధన సంస్థ, ప్రయోగశాలలో మంచుగడ్డలు చేసి షింగిల్స్ మీద కొట్టి, 2019 నుంచి రేటింగులు ఇస్తోంది. అందరూ క్లాస్ 4 అని రాసుకున్నా అందులో బాగా నిలిచినవీ ఉన్నాయి, అంతంతమాత్రంవీ ఉన్నాయి. మేం వేయించేనాటికి ఆ పట్టిక లేదు. ఇప్పుడు కొనేవాళ్లు అది చూడకుండా కొనొద్దు.

మేం ఎంచుకున్నది ఎస్‌బీఎస్ అనే రబ్బరు లాంటి పాలిమర్ కలిపిన తారుతో చేసిన రకం. ఆ పాలిమర్ వల్ల తారుకు కాస్త సాగే గుణం వస్తుంది. దెబ్బ తగిలితే పగలకుండా వంగి మళ్లీ సర్దుకుంటుంది. మామూలు ఆర్కిటెక్చరల్‌తో పోలిస్తే అదనపు ఖర్చు భరించగలిగేంతే. తెనాలి నుంచి వచ్చిన మా మామయ్యగారు బండిల్ విప్పి, ఓ ముక్క చేతిలోకి తీసుకుని, "ఇంత ఇల్లు కట్టుకుని పైన తారు అట్టలా అమ్మా?" అన్నారు. స్లాబు కింద పుట్టి పెరిగిన మనిషికి ఏం చెప్పినా ఎక్కదని ఊరుకున్నాను.

ఇక అసలు సంగతికి వస్తాను. పాత షింగిల్స్ పీకేశాక కింద ఓఎస్‌బీ (చెక్క పేళ్లు అతికించి చేసిన షీట్లు) డెకింగ్ బయటపడుతుంది. అంతవరకూ అది ఎలా ఉందో ఎవరికీ తెలియదు. మాకు చిమ్నీ పక్కన, రెండు వాలులు కలిసే పల్లం (వ్యాలీ) ఒకదాని కింద చెక్క మెత్తబడి ఉంది. చెడిన షీట్ మారిస్తే ఒక్కోదానికి ఎంత అన్నది ముందే కాంట్రాక్టులో రాయించుకున్నాం కాబట్టి అక్కడ గొడవ రాలేదు. రాయించుకోని మా ఫ్రెండ్‌కి, రూఫంతా విప్పేసి, సాయంత్రం మబ్బు పట్టిన వేళ రేటు చెప్పారట. ఆ టైములో బేరం ఎవరు ఆడగలరు? పాత షింగిల్స్ మీదే కొత్తవి వేసేస్తాం, చవకలో అయిపోతుంది అనేవాళ్లూ ఉంటారు. ఇళ్ల నిర్మాణ కోడ్ రెండు పొరల దాకా ఒప్పుకోవచ్చు గానీ, కింద కుళ్లిన చెక్క కనిపించకుండా పోతుంది. నన్నడిగితే వద్దనే అంటాను.

మమ్మల్ని నిజంగా ఏడిపించింది ఫ్లాషింగ్. రూఫ్ గోడను, చిమ్నీని కలిసే చోట మెట్లు మెట్లుగా వేసే లోహపు ముక్కలివి. కొత్తవి వేస్తామని కొటేషన్‌లో ఉంది. పని చేసినవాళ్లు పాతవాటినే ఉంచేసి పైన సీలెంట్ పూసి వెళ్లిపోయారు. మొదటి ఏడాది ఏమీ తెలియలేదు. ఆ తర్వాత గాలితో కలిసి అడ్డంగా కొట్టిన వానకు ఫైర్‌ప్లేస్ పక్కన సీలింగ్ మీద పసుప్పచ్చ మరక వచ్చింది. ఫోన్ చేస్తే వస్తారు, ఇంకాస్త సీలెంట్ పూస్తారు, పోతారు. చివరికి వేరే అతన్ని పిలిచి, ఇటుక వరసలో గాడి కోయించి కొత్త ఫ్లాషింగ్ వేయించాం. ఆ రోజు నుంచి చుక్క లేదు. కాబట్టి పని జరిగేటప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఉండండి, చిమ్నీ దగ్గర ఫొటోలు తీసి పంపమనండి. పైపుల చుట్టూ ఉండే రబ్బరు బూట్లు కూడా అంతే. షింగిల్ ఇంకా కొత్తగా ఉండగానే అవి పగిలిపోతాయి. సీసంవి లేదా సిలికోన్‌వి వేయించడానికి అయ్యే తేడా పెద్దది కాదు.

గాలి ఆడటం గురించి కూడా చెప్పాలి. టెక్సాస్ అటిక్‌లో వేసవి మధ్యాహ్నం 130 డిగ్రీల ఫారన్‌హీట్ దాటడం మామూలే. ఆ వేడి షింగిల్‌ని కిందనుంచి కూడా వండుతుంది. మా పాత రూఫ్ మీద అటిక్ వేడిని బయటికి లాగే, గిరగిరా తిరిగే టర్బైన్లు ఉండేవి. వాటిని ఉంచి, శిఖరం వెంట గాలి పోయే సందు, రిడ్జ్ వెంట్, కూడా వేస్తామని ఒకరిద్దరు కొటేషన్ ఇచ్చారు. వినడానికి రెండు ఉంటే ఇంకా మంచిదనిపిస్తుంది గానీ, అప్పుడు గాలి కింద సాఫిట్ (చూరు అడుగున ఉండే గాలి కన్నాలు) నుంచి రాదు. పక్కనున్న టర్బైన్ కన్నంలోంచే వచ్చి రిడ్జ్‌లోంచి పోతుంది, అటిక్ అడుగున వేడి అలాగే ఉండిపోతుంది. మా కాంట్రాక్టర్ టర్బైన్ కన్నాలు మూసి, రిడ్జ్ వెంట్ ఒక్కటే పెట్టి, సాఫిట్ల దగ్గర ఇన్సులేషన్ అడ్డం పడిన చోట్ల తీయించాడు. ఆ ఒక్క విషయంలో అతనికి మార్కులు వేస్తాను. పై గదులు మునుపటిలా ఉడికిపోవడం లేదు. కరెంటు బిల్లు సగమైందని మాత్రం చెప్పను, అంత మార్పేమీ రాలేదు.

డబ్బు లెక్కల్లో చూసుకోవాల్సింది డిడక్టిబుల్, అంటే క్లెయిమ్‌లో ముందుగా మన జేబులోంచి కట్టాల్సిన వాటా. గాలి, వడగళ్లకు ఇక్కడ పాలసీలు శాతాల్లో పెడతాయి. ఇంటికి 4 లక్షల డాలర్ల కవరేజీ ఉండి 2 శాతం అంటే, మొదటి 8 వేలు మీవే. తుపాను వెలిసిన మర్నాడే తలుపు తట్టి "డిడక్టిబుల్ మేం చూసుకుంటాం" అనే కుర్రాళ్ల నంబర్లను అప్పట్లో వాట్సాప్ గ్రూపుల్లో ఒకరికొకరు పంచుకునేవాళ్లు. 2019 సెప్టెంబర్ నుంచి టెక్సాస్‌లో కొత్త చట్టం వచ్చింది. డిడక్టిబుల్ మాఫీ చేస్తామనడం నేరం, మీరు కట్టినట్టు ఇన్సూరెన్స్ వాళ్లు రుజువు అడగొచ్చు. రూఫర్లకు ఈ రాష్ట్రంలో లైసెన్స్ అక్కర్లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ట్రక్కు, నిచ్చెన ఉంటే ఎవరైనా రూఫరే.

క్లాస్ 4 వేయిస్తే ప్రీమియంలో తగ్గింపు వస్తుంది గానీ దానంతటదే రాదు. రూఫ్ వేసినవాళ్ల సంతకంతో రాష్ట్ర ఇన్సూరెన్స్ విభాగం ఫారం, పీసీ068, పంపాలి. ఆ సంతకం చివరి చెల్లింపుకు ముందే తీసుకోండి, తర్వాత ఫోన్ ఎత్తరు. మాకు తగ్గింపు వచ్చింది. ఆ తర్వాత అందరికీ పెరిగినట్టే మాకూ ప్రీమియం పెరుగుతూ వచ్చి ఆ తగ్గింపును మింగేసింది. అదనంగా పెట్టిన ఖర్చంతా ప్రీమియంలో తిరిగొస్తుందనే లెక్కతో మాత్రం వేయించకండి.

'లైఫ్‌టైమ్' వారంటీ గురించి ఒక్క ముక్క: వడగళ్ల దెబ్బ మామూలుగా అందులో ఉండదు, మొదటి కొన్నేళ్లు దాటాక విలువ కరిగిపోతూ వస్తుంది. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) గురించి ఇంకో ముక్క: వడగళ్లను, గాలిని తట్టుకునే షింగిల్స్ పక్క ఇళ్లవాటిని పోలి ఉంటే వద్దనడానికి వాళ్లకు హక్కు లేదు. 2011 నుంచి టెక్సాస్ చట్టంలోనే ఉంది.

ఇన్నేళ్ల వాడకంలో షింగిల్ ఎలా ఉందంటే, మొదటి కొన్ని వానలకు గటర్ల నిండా ఇసుక వచ్చి టెన్షన్ పడ్డాం. కొత్త రూఫ్‌కి అది మామూలే, అంటుకోకుండా మిగిలిన ఇసుక కడుక్కుపోతుందంతే. రంగు ఎండ ఎక్కువ పడే దక్షిణం వైపు కొద్దిగా వెలిసింది. ఒక ఏప్రిల్‌లో ఒకటిన్నర అంగుళాల వడగళ్లు పడ్డాయి. మా గటర్లకు సొట్టలు, ఏసీ యూనిట్ రెక్కలు వంగిపోయాయి, కిటికీ జాలీలు చిరిగాయి. రూఫ్ మీద ఇన్‌స్పెక్టర్‌కు మార్చాల్సినంత దెబ్బ కనిపించలేదు. పక్కింటి మామూలు ఆర్కిటెక్చరల్ రూఫ్ ఆ ఏడే పూర్తిగా మార్చారు. ఒక్క వానను బట్టి తీర్పు చెప్పకూడదు, వాళ్ల రూఫ్ మాకంటే పాతది కూడా. అయినా ఆ వారమంతా వాళ్లింటి ముందు చెత్త ట్రెయిలర్ చూస్తుంటే పెట్టిన ఎక్స్‌ట్రా డబ్బుల గురించి మావారు మళ్లీ ఎత్తలేదు.

పని రోజు కోసం చిన్న జాగ్రత్తలు. అటిక్‌లో బొమ్మల కొలువు పెట్టెలు, సూట్‌కేసులు ఉంటే దుప్పట్లు కప్పండి, పగుళ్లలోంచి నల్లటి దుమ్ము రాలుతుంది. అయస్కాంతంతో మేకులు ఏరామని వాళ్లు చెప్పాక మీరూ ఒకసారి పెరడంతా తిరిగి చూడండి. కారు టైరుకు దొరికేది వాళ్లు వదిలేసిందే.

సోలార్ పెట్టాలనుకునేవాళ్లు రూఫ్ పాతదైతే ముందు రూఫ్ మార్చి, తర్వాతే ప్యానెళ్లు పెట్టుకోండి. మా వీధిలో ఒకరు తిరగేసి చేశారు. వడగళ్ల తర్వాత ప్యానెళ్లు విప్పి మళ్లీ బిగించడానికి విడిగా వేలల్లో కట్టారు. పైగా ఆ కంపెనీ ఖాళీ దొరికేదాకా రూఫర్‌ని ఆపి ఉంచాల్సి వచ్చింది.