వీధిలో గంజాయి: ఒంటారియో రూలు మేలా, క్యూబెక్ నిషేధమా, వేగస్ లాంజా?

పోయిన వేసవిలో అమ్మానాన్నలు కెనడాలో మేముండే మిస్సిసాగా వచ్చిన రెండో రోజే సాయంత్రం నడకకు తీసుకెళ్ళాను. మలుపు దగ్గర ఫుట్‌పాత్ మీద ఇద్దరు కుర్రాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళని దాటుతుండగా అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని "ఎక్కడో రబ్బరు కాలుతోందిరా" అంది. నాన్న నర్సీపట్నం వైపు ముప్ఫయ్యేళ్ళు బస్సు కండక్టరుగా చేశాడు. చింతపల్లి నుంచి దిగే బస్సుల్లో పోలీసులు ఎక్కి సీట్ల కింద సంచులు లాగడం ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. ఒక్క క్షణం ఆగి, "రబ్బరు కాదే, గంజాయి" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించి, "పోలీసులు రారా?" అని అడిగాడు.

రారు. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి పెద్దవాళ్ళకు గంజాయి చట్టబద్ధం. బయట తిరిగేటప్పుడు 30 గ్రాముల ఎండు గంజాయి దాకా జేబులో ఉండొచ్చు. అయితే దాన్ని ఎక్కడ కాల్చాలన్నది కేంద్రం ప్రావిన్సులకు వదిలేసింది. గొడవంతా అక్కడే మొదలైంది.

మా ఒంటారియో ప్రావిన్సులో సూత్రం ఒక్క ముక్క: సిగరెట్టు ఎక్కడ తాగొచ్చో గంజాయీ అక్కడే. ఫుట్‌పాత్ మీద తాగొచ్చు, చాలా పార్కుల్లో తాగొచ్చు. స్కూళ్ళకు, పిల్లల ఆటస్థలాలకు 20 మీటర్ల లోపు కుదరదు. రెస్టారెంటు బయట బల్లలు వేసిన చోటికి 9 మీటర్ల దూరం పాటించాలి. కారులో అసలే వద్దు. తప్పితే మొదటిసారి 1,000 డాలర్ల దాకా జరిమానా. వయసు 19 నిండాలి. దీనిమీద మున్సిపాలిటీలు తమ ఊరికి ఇంకాస్త బిగించుకోవచ్చు.

ఇక్కడొక సంగతి. ఒంటారియో మొదట రాసుకున్న చట్టం ఇది కాదు. 2017లో కాథ్లీన్ విన్ ప్రభుత్వం 'ఇంట్లో తప్ప ఎక్కడా వద్దు' అని రాసింది. ఎన్నికల్లో ఆమె ఓడాక వచ్చిన డగ్ ఫోర్డ్ ప్రభుత్వం, అమలు తేదీ ముంచుకొస్తుండగా దాన్ని తిప్పేసి సిగరెట్టు రూలు పెట్టింది. సంప్రదాయవాద పార్టీ వాళ్ళు వదులు చేయడం, ఉదారవాదులు బిగించి ఉండడం చూస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

పక్క ప్రావిన్సు క్యూబెక్ దారి దీనికి పూర్తిగా ఎదురు. 2019 నవంబరు 1 నుంచి అక్కడ బహిరంగ ప్రదేశంలో గంజాయి కాల్చడం నిషేధం. వీధి, బస్టాపు, ఏదైనా సరే. కావాలంటే మున్సిపాలిటీ ఏదైనా పార్కులో అనుమతి ఇచ్చుకోవచ్చు, అంతే. జరిమానా కనీసం 500 డాలర్లు. 2020 జనవరి నుంచి వయసు కూడా 21కి పెంచారు. ఈ తేడా కళ్ళారా చూడాలంటే ఒట్టావా వెళ్ళాలి. నది మీద వంతెన నడిచి దాటితే అవతల గాటినో, అది క్యూబెక్. ఇవతలి ఒడ్డున ఇరవయ్యేళ్ళ కుర్రాడు దర్జాగా గంజాయి చుట్ట వెలిగించుకోవచ్చు. అదే కుర్రాడు కొద్ది నిమిషాల్లో అవతలికి చేరితే వయసూ తక్కువే, చోటూ తప్పే.

మా అమ్మని ఓటెయ్యమంటే క్యూబెక్‌కే వేస్తుంది. నేను కూడా చాలాకాలం అదే మేలనుకున్నాను. బాబుని స్ట్రోలర్‌లో తిప్పే రోజుల్లో ఆ కంపు తగిలినప్పుడల్లా 'ఇళ్ళల్లో తాగి చావొచ్చు కదా' అని తిట్టుకునేవాణ్ణి.

తర్వాత ఒకాయన మా కాండో (అపార్ట్‌మెంటు) బిల్డింగులో కింది అంతస్తులో చేరాడు. నిజంగానే ఇంట్లో తాగేవాడు, బాల్కనీలో కూర్చుని. ఆ పొగ తిన్నగా మా బాబు గది కిటికీలోకి వచ్చేది. చలికాలంలో బాల్కనీ తలుపు మూసుకుంటే కారిడార్లోకి, వెంటిలేషన్ గొట్టాల్లోకి. వీధిలో అయితే పది అడుగులు వేస్తే వాసన వెనకబడుతుంది. పడకగదిలోకి వచ్చిన దాన్నుంచి ఎక్కడికి పోతాం? రెండు మీటింగులు, బోలెడు ఈమెయిళ్ళ తర్వాత బిల్డింగులో పొగ నిషేధిస్తూ రూలు పెట్టారు. అప్పట్నుంచి ఆయన జాకెట్ వేసుకుని కిందికి, ఫుట్‌పాత్ మీదికి దిగుతున్నాడు. ఒంటారియో కాబట్టి దిగగలుగుతున్నాడు.

మాంట్రియల్లో అయితే ఆయన ఏం చేయాలి? ఆ ఊళ్ళో సొంతింటి వాళ్ళకంటే అద్దెవాళ్ళే ఎక్కువ. పైగా 2018లో చట్టం వచ్చినప్పుడు, ఉన్న లీజుల్లోనే గంజాయి వద్దని మార్చుకోవడానికి క్యూబెక్ ఇంటి ఓనర్లకు 90 రోజుల గడువిచ్చింది. ఇంట్లో ఓనరు ఒప్పుకోడు, వీధిలో ప్రభుత్వం ఒప్పుకోదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పెరడున్న సొంతింటాయన మాత్రం చక్కగా కుర్చీ వేసుకుని కాల్చుకుంటాడు. చట్టం అందరికీ ఒకటే అంటారు గానీ, దెబ్బ ఎవరి మీద పడుతుందో చూడండి.

మరి మూడో దారి? వీధిలో వద్దు, దానికో చోటు చూపిద్దాం అనే నెవాడా పద్ధతి, అంటే లాస్ వేగస్ ఉన్న అమెరికా రాష్ట్రానిది. కాగితం మీద చూస్తే మూడింట్లోకీ ఇదే అందంగా ఉంటుంది. మందుకు బార్ ఉన్నట్టే గంజాయికి లాంజ్. అమల్లో చూస్తే వేరే కథ. అక్కడ దుకాణాల్లో అమ్మకాలు 2017 జులైలో మొదలయ్యాయి. వీధిలో తాగితే 600 డాలర్ల దాకా జరిమానా, చాలా హోటళ్ళు గదుల్లో ఒప్పుకోవు, అద్దె కారులో కుదరదు. అంటే ఏటా నాలుగు కోట్లమంది వచ్చే లాస్ వేగస్‌లో, కొనడానికి చోటుంది, తాగడానికి చాలాకాలం లేదు. ఆదివాసీ పైయూట్ తెగవాళ్ళు తమ భూమిలో 2019లోనే ఒక లాంజ్ తెరిచారు. రాష్ట్రం లాంజ్‌లను అనుమతిస్తూ చట్టం చేసింది 2021లో, తన లైసెన్సుతో మొదటిది తెరుచుకున్నది 2024 ఫిబ్రవరిలో. ఈలోగా జనం ఆగుతారా? నేను అక్కడి హోటళ్ళ వీధి స్ట్రిప్ మీద నడిచినప్పుడు ఒక్కో సిగ్నల్ దగ్గర ఒక్కో మోతాదులో వాసన కొట్టింది. పైగా లాంజ్‌కి వెళ్ళినవాడు మత్తులో తిరిగి ఎలా వస్తాడన్న టెన్షన్ ఉండనే ఉంది.

జర్మనీ ప్రయత్నం కూడా చెప్పుకోవాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి అక్కడ 25 గ్రాముల దాకా దగ్గర ఉంచుకోవచ్చు. బడి, ఆటస్థలం కనుచూపులో ఉంటే, 100 మీటర్ల లోపు కాల్చకూడదు. వాహనాలు రాని నడక వీధుల్లో ఉదయం 7 నుంచి రాత్రి 8 దాకా వద్దు. ఎక్కడ వెలిగించొచ్చో తెలియక జనం ఆన్‌లైన్లో మ్యాపులు చూసుకునే పరిస్థితి వచ్చింది. అయితే అందులో ఒక్క నిబంధన నాకు బాగా నచ్చింది: పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు పక్కనే ఉంటే, ఏ చోటైనా సరే, కాల్చకూడదు. టేపు పట్టుకుని కొలవక్కర్లేదు, పక్కన పిల్లాడున్నాడో లేదో చూస్తే చాలు.

కాబట్టి నన్నడిగితే ఒంటారియో రూలు, దానికి జర్మనీ వాళ్ళ పిల్లల నిబంధన అతికించి. లాంజ్‌లు వస్తే రానివ్వండి, కానీ అవి వచ్చేదాకా వీధి మూసేస్తే పొగ పోయేది పక్కవాడి పడకగదిలోకే.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు మాత్రం ఈ లెక్కలేవీ సరిపోవు. న్యూయార్క్ కూడా 2021 మార్చి 31న ఒంటారియో లాగే సిగరెట్టు రూలు పెట్టింది, నిజమే. కానీ అక్కడి కేంద్ర చట్టంలో గంజాయి దగ్గర ఉంచుకోవడం ఇంకా నేరమే, వీసాలు ఇచ్చేది కేంద్రమే. ఎఫ్-1 మీదున్న పిల్లాడైనా, హెచ్-1బి మీదున్న ఉద్యోగైనా, కేసు లేకపోయినా 'వాడాను' అని అధికారి ముందు ఒప్పుకుంటే చాలు, చిక్కులో పడొచ్చు. రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే పౌరసత్వ దరఖాస్తుకు అడ్డం రావచ్చని అక్కడి ఇమిగ్రేషన్ శాఖ 2019 ఏప్రిల్లో రాసి మరీ చెప్పింది. ఇక సరిహద్దు దాటించడం, రెండువైపులా చట్టబద్ధమైన చోట్లే అయినా, నేరం.

నయాగరాని అమెరికా వైపు నుంచి కూడా చూస్తానని నాన్న అంటే ఫ్రెండ్ కారు అడిగి తెచ్చాను. రెయిన్‌బో బ్రిడ్జి ఎక్కేముందు పక్కకి ఆపి డాష్‌బోర్డు అర, తలుపు జేబులు ఒకసారి వెతికాను. నాన్న చూస్తూ కూర్చుని చివరికి అన్నాడు: "సీటు కింద కూడా చూడరా. అక్కడే పెడతారు."