పొద్దున్నే అమ్మకి మెదడు ఎంఆర్‌ఐ తీయించిన స్కాన్ సెంటర్: 5కి 4

రాత్రి 11 గంటలకి బాగానే పడుకున్న మా అమ్మకి పొద్దున్న 5:30కి లేచేసరికి కుడిచెయ్యి లేవడం లేదు, మాట ముద్దముద్దగా వస్తోంది. ముందు దగ్గర్లో ఉన్న ఒక చోటికి తీసుకెళ్తే సీటీ తీసి, నార్మల్‌గానే ఉంది, ఇంటికి తీసుకెళ్ళి రెస్ట్ ఇవ్వండి అన్నారు. మెదడులో రక్తస్రావం ఉందో లేదో చూడటానికి సీటీ మంచిదే. కానీ రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతం మొదటి గంటల్లో సీటీలో చాలాసార్లు కనబడదు. ఆ ఒక్క మాట చెప్పకుండా పంపించేశారు, నాకు ఇప్పటికీ కోపం దాని మీదే.

మనసొప్పక గుంటూరు కొత్తపేటలో న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన అమ్మ చెయ్యి ఎత్తించి చూసి వెంటనే పక్కనున్న స్కాన్ సెంటర్‌కి ఫోన్ చేశారు. నేను రాస్తున్నది ఆ సెంటర్ గురించే.

బిల్లు తర్వాత కట్టుకోండి అని ముందు స్ట్రెచర్ లోపలికి తీసుకెళ్ళారు, దీనికే సగం మార్కులు. గాజులు, పిన్నులు, మెట్టెలు అన్నీ తీయించారు. తాళి తీయాలనేసరికి అమ్మకి కళ్ళనీళ్ళు వచ్చేశాయి, మాట రాకపోయినా తల అడ్డంగా ఊపుతోంది. అక్కడ పనిచేసే అమ్మాయి పసుపుకొమ్ము కట్టిన తాడు సిద్ధంగా పెట్టుకుందట, అది మెడలో వేసి, "ఏం కాదమ్మా, పది నిమిషాలు కదలకుండా పడుకోండి" అని చెవుల్లో దూది పెట్టింది. మెషిన్ లోపల మోత మామూలుగా ఉండదు, ఆ దూది లేకపోతే అమ్మ భయపడిపోయేది.

రేడియాలజిస్టు తనే బయటికి వచ్చి స్క్రీన్ మీద ఎంఆర్‌ఐలోనే డిఫ్యూజన్, ఫ్లెయిర్ అనే రెండు రకాల బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించారు. డిఫ్యూజన్ బొమ్మలో ఎడమవైపు తెల్లటి మచ్చ, ఫ్లెయిర్ బొమ్మలో అదే చోట ఏమీ లేదు. రక్తం అందని చోట కణాల్లో నీటి కదలిక తగ్గిపోవడం డిఫ్యూజన్‌లో నిమిషాల్లోనే తెలుస్తుంది, ఫ్లెయిర్‌లో మార్పు రావడానికి గంటలు పడుతుంది. ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేదంటే పక్షవాతం వచ్చి నాలుగున్నర గంటలు దాటి ఉండకపోవచ్చని అర్థం. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా పెట్టుకునే గడువు కూడా అదే. ఎప్పుడు మొదలైందో మనిషి చెప్పలేనప్పుడు స్కాన్ చెబుతుందన్నమాట.

తర్వాత నేను చదివి తెలుసుకున్నాను, దీని వెనక వేక్-అప్ అని యూరప్‌లో చేసిన పరిశోధన ఉంది, 2018లో ఫలితాలు వచ్చాయి. 503 మంది మీద చేశారు. ఇలా స్కాన్ చూసి ఇంజెక్షన్ ఇచ్చినవాళ్ళలో 53.3 శాతం మంది మూడు నెలలకి బాగా కోలుకున్నారు, ఇవ్వనివాళ్ళలో 41.8 శాతం. మెదడులో రక్తస్రావం మాత్రం ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలోనే ఎక్కువ కనబడింది, డాక్టరు గారు ఆ ముప్పు కూడా చెప్పి, నాన్న చేత సంతకం పెట్టించాకే అమ్మకి ఇంజెక్షన్ ఇచ్చారు. అమ్మ ఇప్పుడు కుడిచేత్తోనే అన్నం కలుపుకుంటోంది, మాట కొంచెం నిదానంగా వస్తుంది.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, గేటు దగ్గర నాలుగు మెట్లున్నాయి, ర్యాంప్ లేదు, స్ట్రెచర్‌ని నలుగురు ఎత్తాల్సి వచ్చింది. పక్షవాతం వాళ్ళు వచ్చే చోట ఇది అస్సలు బాగాలేదు. రిపోర్టు మొత్తం ఇంగ్లీషులోనే ఉంది, రేడియాలజిస్టు గారు ఆ రోజు వివరించకపోతే మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఇంకొకటి, ఫిల్ములు వెంటనే ఇచ్చారు గానీ సీడీ మర్నాడు సాయంత్రానికి గానీ రాలేదు. వేరే డాక్టరుకి చూపించుకోవాలంటే అన్ని బొమ్మలూ ఉండేది సీడీలోనే, ఫిల్ము మీద కొన్నే వేస్తారు. కాబట్టి బిల్లు కట్టేటప్పుడే సీడీ కావాలని చెప్పి రాయించుకోండి.