మూడు మామిడి సీజన్ల కుబెర్నెటీస్: తనంతట తానే కోలుకునే గుణంపై నా ఫిర్యాదు

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు పరిశ్రమలో ట్రాక్టర్ల టోకెన్లు, కాటా తూకాలు, రైతుల చెల్లింపులు చూసే వెబ్ అప్లికేషన్‌ను మూడు సీజన్లుగా కుబెర్నెటీస్ (అప్లికేషన్లను పలు యంత్రాల మీద నడిపి, చూసుకునే సాఫ్ట్‌వేర్) మీద నడుపుతున్నాను. మూడు మామూలు యంత్రాల మీద దాని తేలిక రూపమైన కె3ఎస్ ఉంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మాత్రం ఆ మూడు యంత్రాల క్లస్టర్ బయట వేరే యంత్రంలో ఉంది. కంటైనర్ అంటే ఏమిటి, పాడ్ అంటే ఏమిటి అనే పాఠాలు కావలసినన్ని దొరుకుతాయి కనుక వాటి జోలికి పోవడం లేదు; కంటైనర్ అంటే అప్లికేషన్‌ను దానికి కావలసినవాటితో సహా నడిపే పెట్టె, పాడ్ అంటే అలాంటి కంటైనర్ ఉండే గూడు అనుకుంటే ఇక్కడికి చాలు. చచ్చిపోయిన కంటైనర్‌నే కాక, చచ్చిపోయిందని తాను అనుకున్న కంటైనర్‌ను కూడా ఎవరినీ అడగకుండా మళ్లీ మొదలుపెట్టే దాని గుణం గురించే నేను చెప్పదలచుకున్నది. మొదటి సీజనులో నన్ను మురిపించింది అదే, రెండో సీజనులో గేటు ముందు నాకు తల ఎత్తుకోలేని పరిస్థితి తెచ్చిందీ అదే.

రెండో సీజను జూన్ నెలలో ఒక ఉదయం ఆరు గంటలకు గేటు తెరిచారు. బంగారుపాళెం, పూతలపట్టు, గుడిపాల వైపుల నుంచి రాత్రే వచ్చిన తోతాపురి ట్రాక్టర్లు వరుసలో ఉన్నాయి. అదే సమయానికి లెక్కల విభాగంలో ఒకరు సీజను మొత్తానికి చెల్లింపుల పట్టిక అడిగారు. ఆ ప్రశ్నకు తగిన ఇండెక్స్ (త్వరగా వెతికేందుకు వాడే సూచిక) లేదు, కాబట్టి డేటాబేస్ పట్టిక మొత్తాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవడం మొదలుపెట్టింది. ఇంతవరకు జరిగినది పెద్ద ప్రమాదమేమీ కాదు. టోకెన్ ఇవ్వడానికి రెండు మూడు సెకన్లు ఎక్కువ పట్టేది, అంతే.

అయితే నేను రాసిన లైవ్‌నెస్ ప్రోబ్ (బతికి ఉన్నావా అని కుబెర్నెటీస్ అడిగే పరీక్ష) ఒక తప్పుడు తలుపు తడుతోంది. అప్లికేషన్ బతికి ఉందో లేదో చూడవలసిన ఆ చిరునామాలో, మంచిదే కదా అనుకుని, డేటాబేస్‌కు ఒక చిన్న ప్రశ్న పంపి జవాబు వచ్చాకే బాగున్నానని చెప్పే ఏర్పాటు చేశాను. ఆ సెట్టింగులు రాసే యామల్ ఫైలులో మార్గం, పోర్టు మాత్రమే రాసి మిగతావి వదిలేశాను. వదిలేసిన చోట కుబెర్నెటీస్ తన సొంత విలువలు వేసుకుంటుంది: 10 సెకన్లకు ఒకసారి అడుగుతుంది, 1 సెకనులో జవాబు రావాలి, వరుసగా 3 సార్లు రాకపోతే కంటైనర్‌ను ఆపేసి మళ్లీ మొదలుపెడుతుంది. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, నాలుగు పాడ్‌లూ ఒకేసారి జవాబు ఇవ్వలేకపోతున్నాయంటే తప్పు పాడ్‌లది కాకపోవచ్చన్న ఆలోచన దానికి రాదు. అర నిమిషం తిరిగేసరికి నాలుగింటికీ ఆజ్ఞ వెళ్లిపోయింది.

అసలు నష్టం, కంటైనర్‌కు మూలమైన ఇమేజ్ తయారీలో నేను చేసిన ఒక తప్పు వల్ల జరిగింది. కంటైనర్ మొదలుకాగానే నడిచే షెల్ స్క్రిప్టులో (షెల్ అనే ప్రోగ్రామ్ వరుసగా నడిపే ఆజ్ఞల ఫైలులో) రెండు వరుసలున్నాయి: ముందు డేటాబేస్ పట్టికల మార్పులు సరిచూడడం, తర్వాత సర్వర్‌ను మొదలుపెట్టడం. రెండో వరుస ముందు ‘ఎగ్జెక్’ అనే ఒక్క మాట పెట్టి ఉంటే షెల్ స్థానంలోకి సర్వరే వచ్చి కూర్చునేది. పెట్టలేదు కనుక షెల్ ఒకటో నంబరు ప్రాసెస్‌గా ఉండిపోయి, మర్యాదగా ఆగమని వచ్చిన సిగ్టర్మ్ సంకేతాన్ని సర్వర్‌కు చేరవేయలేదు. 30 సెకన్ల గడువు ముగిశాక బలవంతంగా ఆపే సిగ్‌కిల్ సంకేతం వచ్చి అన్నిటినీ నరికేసింది. పాడ్ వివరాల్లో, బలవంతంగా ఆపారని తెలిపే 137 అనే సంఖ్య కనిపించింది. సర్వర్ అలా హఠాత్తుగా పోయినప్పుడు, సగంలో ఉన్న ప్రశ్నలను డేటాబేస్ అవతలివారు లేరని తెలియక అలాగే మోస్తూ ఉంటుంది. ఒక్కో పాడ్ మొదలుకాగానే 20 కనెక్షన్లు తెరుస్తుంది. పాతవి తెగకముందే కొత్తవి వచ్చి పడడంతో పోస్ట్‌గ్రెస్‌కు మామూలుగా ఉండే 100 కనెక్షన్ల పరిమితి నిండిపోయింది. అసలే ఆయాసపడుతున్న డేటాబేస్‌కు ఇది గోరుచుట్టుపై రోకటిపోటు అయింది.

కనెక్షన్ దొరకని పాడ్‌లు మొదలవుతూనే కూలిపోయాయి. అలా కూలుతున్న కంటైనర్‌కు కుబెర్నెటీస్ 10 సెకన్లు, 20, 40 అంటూ 5 నిమిషాల దాకా విరామం పెంచుకుంటూ పోతుంది. అది మంచి ఉద్దేశంతో పెట్టినదే. కానీ పట్టిక చదవడం ముగిసి డేటాబేస్ తేరుకున్నాక కూడా నా పాడ్‌లు ఆ విరామంలోనే కూర్చుని ఉండడం నేను కళ్లారా చూశాను. గేటు మేస్త్రీ ఫోన్ చేసి, ‘‘సార్, బండ్లు రోడ్డు దాకా నిలబడిండాయి, నంబర్లు రాలేదు’’ అన్నాడు. చివరికి పాడ్‌ల సంఖ్యను సున్నాకు దించి, కనెక్షన్లన్నీ తెగే వరకు ఆగి, లైవ్‌నెస్ ప్రోబ్‌ను పూర్తిగా తీసేసి, రెండు పాడ్‌లతో మళ్లీ మొదలుపెట్టాను. ఈలోగా మేస్త్రీ సుద్దముక్కతో ట్రాలీల మీద వరుస సంఖ్యలు వేసేశాడు. ఎండలో నిలబడిన ప్రతి గంటకూ కాయ బరువు తగ్గుతుందని, ఆ తరుగు రైతు మీదే పడుతుందని తెలిసినవారికి నా సిగ్గు ఎటువంటిదో వివరించనక్కరలేదు.

మొదటి సీజను ముగిశాక తిరుపతిలో ఇదే పని చేసే మిత్రులకు ఈ వ్యవస్థను తెగ పొగిడి చెప్పాను. సీజను మొత్తంలో రాత్రిపూట ఒక్కసారి కూడా లేవలేదని, ఏం జరిగినా అదే చక్కబెట్టుకుందని అన్నాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి. తర్వాత తీరిగ్గా చూస్తే ఒక పాడ్ పక్కన రీస్టార్ట్ల సంఖ్య 41 అని ఉంది. తూకం చీటీల ఫొటోలు కుదించే భాగం మెమరీని తీసుకుని తిరిగి ఇవ్వడం లేదు. 512 మెబీబైట్ల పరిమితి తగిలినప్పుడల్లా ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నెల్ దాన్ని చంపుతోంది, కుబెర్నెటీస్ లేపుతోంది. అక్కడా కనిపించేది అదే 137. పక్కన ఊమ్‌కిల్డ్ (మెమరీ చాలక చంపినది) అన్న కారణం చదివితే తప్ప రెండింటికీ తేడా తెలియదు. అంటే నేను హాయిగా నిద్రపోయిన రాత్రుల్లో జబ్బు తగ్గలేదు, బయటికి కనిపించలేదు అంతే.

ఈ వ్యవస్థలో మెచ్చుకోవలసినవి లేవని కాదు. తప్పుడు ఇమేజ్ పంపిన రెండు సందర్భాల్లో, పని అందుకోవడానికి సిద్ధమా అని అడిగే రెడీనెస్ ప్రోబ్ దాటని కొత్త పాడ్‌కు ఒక్క అభ్యర్థన కూడా వెళ్లలేదు, ఒకే ఆజ్ఞతో పాత రూపానికి వచ్చేశాను. ఆ ఒక్క కారణంతోనే ఇంకా దీన్ని వదల్లేదు.

అయినా ఇతరులకు సిఫారసు చేయమంటే జంకుతాను. మాకు ఏడాదిలో రెండు మూడు నెలలే రద్దీ, చూసుకునేది ఇద్దరమే. ఒక్క యంత్రం చాలే పని అయితే లినక్స్‌తో సాధారణంగా వచ్చే సిస్టమ్‌డీకి కూడా పడిపోయిన సర్వర్‌ను లేపడం వచ్చు. మూడు యంత్రాలు ఉండి, వాటిలో ఒకటి కరెంటు పోయి ఆగినా పని సాగాలనుకునే మా వంటి వారికి మాత్రం ఇది ఇప్పటికీ తగినదే అనిపిస్తోంది.

మూడో సీజనుకు స్క్రిప్టులో ‘ఎగ్జెక్’ చేర్చాను, పట్టికల మార్పులను ఒకసారి నడిచి ముగిసే విడి జాబ్‌గా తీశాను. లైవ్‌నెస్ ప్రోబ్‌ను తిరిగి పెట్టినా అది డేటాబేస్ ఊసెత్తకుండా, 5 సెకన్ల గడువుతో సర్వర్‌ను మాత్రమే అడుగుతుంది. డేటాబేస్ ప్రశ్నను రెడీనెస్ వైపు మార్చాను. అదీ తప్పేనని, డేటాబేస్ నెమ్మదిస్తే నాలుగు పాడ్‌లూ ఒకేసారి పక్కకు తప్పుకుంటాయని నాతో పనిచేసే ఆయన వాదిస్తున్నారు. కనీసం చావవు కదా అన్నది నా జవాబు. వచ్చే జూన్ లోపు ఈ సంగతి మేమిద్దరం తేల్చుకోవాలి.